గీతలుంటే నడవాలి

గోదావరికి ఎర్రనీరు వచ్చిన సాయంత్రం. చూపు పోయి తొమ్మిదేళ్లయిన ఆరోన్ మాస్టారు రాజమండ్రి గట్టు మీద ఉన్నారు. కూతురు కృపారాణి కొవ్వూరు నుంచి వస్తూ, బ్రిడ్జి మీద ఆగిపోయిన ఆటోలో ఉంది. ఇద్దరి చెవులకీ ఫోన్లు.

“అదే చెబుతున్నానమ్మా, పాత దారిన రాలేదు. కొత్త దారిన వచ్చాను.”

“కొత్త దారంటే ఏది నాన్నా?”

“ఇంకేది? మీ మునిసిపల్ ఆఫీసు చూపు లేనివాళ్ల కోసం వేసిందే. పసుపు పలకలున్నది.”

“ఒక్కరే వచ్చారా?”

“ఒక్కణ్ణే. నూటపద్దెనిమిది అడుగులకి పిండిమర, అక్కణ్ణుంచి గోడ పట్టుకుని చర్చి మలుపు... ఆ లెక్కలన్నీ ఇంక నాకెందుకు? కాలికింద గీతలు తగులుతుంటే పట్టాల మీద రైలులా వచ్చేశాను. కర్ర చంకలో పెట్టుకున్నాను కూడా.”

“చంకలో ఎందుకు పెట్టుకున్నారు? తీసి పట్టుకోండి.”

“పట్టుకుంటాలే. ఐజాక్ గారిని కూడా రమ్మన్నాను. అంధుల బళ్లో సంగీతం చెప్పేవాడు, తెలుసుగా, పాపం ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. మొన్న ఆదివారం చర్చిలో ప్రకటనలప్పుడు మైకు అడిగి మరీ చెప్పాను, మా అమ్మాయి దారి వేసింది, చూపు లేనివాళ్లు నిర్భయంగా...”

“మైకులో చెప్పారా?”

“తప్పేంటి? నువ్వు చేసిన పని కాదా?”

“అది కాదు. ఇప్పుడు ఎక్కడున్నారు?”

“అది నువ్వే చెప్పాలి. బల్లలు దాటాను. ఐస్‌క్రీమ్ బండి దాటాను. చినుకులు పడుతున్నాయని అందరూ వెళ్లిపోయినట్టున్నారు, అలికిడి లేదు. నీళ్ల చప్పుడు దగ్గరగా ఉంది.”

“ఎంత దగ్గరగా?”

“దగ్గరగానే.”

“నాన్నా, కాలికింద ఏముంది?”

“గీతలు.”

“గీతలేనా?”

“నాకు తెలీదా? నమూనాకని రెండు పలకలు తెచ్చి నెల్లాళ్లు వరండాలో నా చేత తొక్కించావు కదా. గీతలుంటే నడవాలి, చుక్కలుంటే ఆగాలి. చుక్కలు రాలేదు కాబట్టి నడుస్తున్నాను.”

“ఇప్పుడు నడుస్తున్నారా?”

“మెల్లిగానే...”

“ఆగండి. ఆగండి నాన్నా.”

“చుక్కలు రాలేదంటున్నాను కదా.”

“చుక్కలు రావు. ఆగమంటుంటే.”

“ఆగాను. ఆగా... అయ్యో.”

“ఏంటి? ఏమైంది? నాన్నా?”

“కాలు కిందికి దిగింది. మెట్టులా ఉంది. నీళ్లమ్మా. చీలమండ దాకా ఉన్నాయి.”

“రెండో కాలు?”

“పైనే ఉంది.”

“కర్ర ఆనించుకోండి.”

“చంకలోంచి జారిపోయింది. నీళ్లల్లో పడ్డ చప్పుడైంది.”

“సరే. సరే. కదలకండి. ఆ మెట్లు పాచి పట్టి ఉంటాయి. పక్కన పట్టుకోవడానికి ఏమైనా తగులుతోందా?”

“ఏమీ లేదు. రెయిలింగ్ పెట్టామన్నావు?”

“పెట్టాలి. ఇంకా బిగించలేదు. ఎవరినైనా కేకెయ్యండి.”

“బాబూ... ఎవరండీ అక్కడ... ఎవరూ లేరమ్మా. నువ్వెక్కడున్నావు?”

“బ్రిడ్జి మీద. ముందు ట్రాక్టరు చెడిపోయింది. దిగి నడిచొచ్చేస్తాను.”

“సగం దాటావా?”

“లేదు. ఇంకా కొవ్వూరు వైపే ఉన్నాను.”

“మూడు కిలోమీటర్లకి తక్కువుండదు.”

“అయితే తాతాజీకి చెప్తాను. మా మేస్త్రి. ఇల్లు అక్కడే. ఒక్క నిమిషం మీ ఫోను పెట్టేసి...”

“పెట్టెయ్యకు.”

“అర నిమిషమే నాన్నా.”

“పెట్టెయ్యకమ్మా. నాకు భయంగా ఉంది.”

“పెట్టెయ్యను. ఇదుగో, ఇక్కడే ఉన్నాను. చెప్పినట్టు చేస్తారా?”

“చేస్తాను.”

“తిరక్కండి. అలాగే మెల్లిగా వంగి, వెనక్కి చెయ్యి పెట్టి నేల తడమండి.”

“ఫోను...”

“జేబులో పెట్టుకుని స్పీకరు వెయ్యండి. మీకు చేతనవునుగా.”

“వేశాను. తడుముతున్నాను. గీతలు తగిలాయి.”

“వాటి మీద కూర్చోండి. కూర్చునే వెనక్కి జరగండి.”

“చంటిపిల్లాడిలా.”

“జరగండి నాన్నా.”

“జరిగాను. కాలు పైకొచ్చింది. చెప్పు పోయింది.”

“పోనివ్వండి. ఇంకా జరగండి.”

“చాలా?”

“ఇంకో నాలుగు పలకలు. లెక్కపెట్టండి.”

“ఒకటి... రెండు... నువ్వు ఏడుస్తున్నావా?”

“లేదండి.”

“ఆటోలో జనం ఉన్నారా?”

“ఉన్నారు.”

“అయితే ఏడవకు. మూడు. నాలుగు. కూర్చున్నాను. దేవుడు గొప్పవాడు.”

“అలాగే కూర్చోండి. లేవకండి. నేను దిగి నడుస్తున్నాను.”

“నడువు. నడుస్తూనే చెప్పు. ఇక్కడ చుక్కలెందుకు లేవు?”

“ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం.”

“ఇప్పుడే అడుగుతున్నాను.”

“చుక్కల పలకలు రాలేదు. స్టాకు లేదన్నారు.”

“రాకపోతే ఖాళీగా వదిలెయ్యాలి. గీతలెందుకు పరిచారు?”

“ఓపెనింగు కదండీ. పసుపు మధ్యలో తెగిపోతే ఫొటోలో బాగోదన్నారు. నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.”

“ఎవరన్నారు?”

“అందరూ అన్నారు.”

“అందరూ అంటే ఎవరూ కాదు. పని పూర్తయిందని సంతకం పెట్టేవాడు ఒకడుంటాడుగా?”

“ఉంటారు.”

“వాడి పేరు చెప్పు.”

“నాన్నా, చినుకులు పెద్దవయ్యాయి. మీరు తడుస్తున్నారా?”

“తడిస్తే తడిశాను. ముప్పైరెండేళ్లు పాఠాలు చెప్పాను, ఏ పిల్లాడికీ ఒక్క మార్కు ఊరికే వెయ్యలేదు. సొంత తమ్ముడి కొడుకునే ఫెయిల్ చేశాను. రేపు నన్ను మీ పెద్ద సారు దగ్గరికి తీసుకెళ్లు. ఆ సంతకం పెట్టినవాణ్ణి ఎదురుగా నిలబెట్టమను. నీకు కళ్లున్నాయా లేవా అని అడుగుతాను. వాడి ఉద్యోగం...”

“నేనే నాన్నా.”

“నువ్వేంటి?”

“ఆ సంతకం నాదే.”

“చివరిదాకా నడిచి చూశావా?”

“లేదు. జీపులోంచి చూశాను. రెండు వారాల్లో మార్పిస్తామన్నారు. రోజూ అడుగుతూనే ఉన్నాను, నమ్మండి. నేనొక్కదాన్ని పెట్టనంటే ఆగేది కాదు. ఇంకొకరి చేత పెట్టించేవాళ్లు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది. మీరెలాగూ పాత దారినే వెళ్తారు కదా అనుకున్నాను.”

“నువ్వు వేసిన దారుంటే పాత దారిన ఎలా వెళ్తానమ్మా?”

“పరిగెత్తుకొస్తున్నాను నాన్నా.”

“కృపా.”

“ఊఁ.”

“ఉండు. మాట్లాడకు. కర్ర చప్పుడు.”

“ఎవరు?”

“ఐజాక్. ఆయన రెండుసార్లు తట్టి ఒకసారి ఆగుతాడు.”

“నిజం చెప్పెయ్యండి నాన్నా. అందరికీ తెలియనివ్వండి. చెప్పెయ్యండి, ఆయన్ని రానివ్వకండి.”

“ఆరోన్ గారూ, ఎక్కడున్నారండీ? మీరు మైకులో చెబితే గొప్పకి అనుకున్నాను గానీ, పుట్టి బుద్ధెరిగాక ఒకరి చెయ్యి పట్టుకోకుండా గోదారి దాకా రావడం ఇదేనండి. మీ అమ్మాయికి దండం పెట్టాలి.”

“అక్కడే ఆగండి ఐజాక్ గారూ.”

“నాకింకా గీతలే తగులుతున్నాయండి.”

“నాన్నా, చెప్పండి.”

“నా కాలికింద చుక్కలున్నాయండి ఐజాక్ గారూ. మా అమ్మాయి వేయించింది. మీరు అక్కడే ఆగండి.”