కిటికీ పక్క మంచం

తుపాను పోయిన ఆరో రోజు మధ్యాహ్నం. తైవాన్ రాజధాని తైపేలో ఒక ఆఫీసు బల్ల దగ్గర పెయ్-షాన్ అనే అమ్మాయి. ఫోనులో అవతల, తూర్పు తీరపు కొండ ఊరి నుంచి చియెన్ అనే ముసలాయన.

“కాదు పెదనాన్నగారూ, ఇది ఆసుపత్రి కాదు. వృద్ధాశ్రమమూ కాదు. ఈ నంబరు మీకెవరిచ్చారు?”

“మీ పిల్లే ఇచ్చింది. ఆ ఫోనులో మాట్లాడుతుందే, ఆ పిల్ల.”

“ఆమె పిల్ల కాదండీ. ఏఐ. యంత్రం.”

“తెలుసులే. డెబ్భై తొమ్మిదేళ్ళొచ్చాయి గానీ బుర్ర పోలేదు. యంత్రమే అయినా మర్యాదస్తురాలు. నువ్వే విసుక్కుంటున్నావ్.”

“విసుక్కోవడం లేదు... సరే, చెప్పండి. ఎవరి కోసం?”

“మా ఆవిడ. చువాంగ్ లాన్-యింగ్. పక్షవాతమొచ్చి కింద ఏటి ఒడ్డు ఆశ్రమంలో ఉంది. ఏరు పొంగితే అందర్నీ బస్సులెక్కించి మూడు ఊళ్ళకి పంచారట. మాకేమో దారి కొట్టుకుపోయింది, దిగలేను. నువ్వు చూసి చెప్పగలవా, ఎక్కడుందో?”

“నేను చూళ్ళేనండీ.”

“అదేమిటి! అది నీ నంబరే ఇచ్చిందే.”

“ఎవరిని ఎక్కడికి చేర్చారో, ఎవరు ఎలా ఉన్నారో రాసిన జాబితా ఒకటుంది. యంత్రం అందులో వెతుకుతుంది. ఎలా వెతకాలో, మిమ్మల్ని ఏమడగాలో, ఏం చెప్పాలో, ఆ సూచనలు రాసేదాన్ని నేను. అంతే. జాబితా తెరిచే హక్కు నాకు లేదు.”

“అంటే దారి చెప్తావు గానీ, నిన్ను మాత్రం లోపలికి రానివ్వరు.”

“అంతే.”

“పాపం. నీదీ నా బతుకే.”

“ఆ నంబరు కూడా... జవాబు ఇలా ఉండాలని నమూనా ఒకటి రాసి, కింద ఊరికే నా బల్ల నంబరు పెట్టా. తర్వాత తీసేద్దామనుకుని మరిచిపోయా. ఇంతకీ మీకేం చెప్పింది?”

“మంచి మాటే చెప్పింది. నాలుగు రోజులుగా అదే చెబుతోంది. ఎవరూ ఎత్తని ఫోన్లకంటే నయం కదా, గుడ్డికంటే మెల్ల మేలు. అమ్మాయ్, రేపు కూడా అదే చెబుతుందా?”

“ఏది?”

“‘రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. పొద్దున చిలగడదుంప గంజి తాగారు. జ్వరం లేదు. నిద్రపోతున్నారు.’”

“ఆగండి. ఆవిడ పుట్టిన సంవత్సరం ఎంతని చెప్పారు దానికి?”

“ముప్పై ఎనిమిది.”

“అయ్యో.”

“ముప్పై ఎనిమిదే. పెళ్ళి కాగితంలోనూ అదే ఉంది.”

“తప్పు మీది కాదండీ. మన దేశం లెక్క పంతొమ్మిది వందల పన్నెండుతో మొదలు కదా, అందులో ముప్పై ఎనిమిదంటే బయటి లెక్కలో పంతొమ్మిది వందల నలభై తొమ్మిది. దానికి మన లెక్క తెలీదు. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో పుట్టిన లాన్-యింగ్ కోసం వెతికింది. అలాంటి మనిషి జాబితాలో లేదు.”

“ఎవరూ చెప్పలేదా దానికి?”

“చెప్పాల్సింది నేనే. ఇక్కడ పుట్టిన ముసలాళ్ళు ఏ లెక్కలో చెబుతారో అందరికీ తెలిసిందే కదా, అది కూడా రాయాలా అనుకున్నా.”

“ఊఁ.”

“ఇంకోటుంది. ఎలా చెప్పాలో... మనిషి దొరక్కపోతే ‘దొరకలేదు’ అని చెప్పమని కూడా నేను రాయలేదు. అందుకని నా నమూనానే చదివేస్తోంది. ఆ మంచం, ఆ గంజి, అవన్నీ నేను కల్పించినవి. మా అమ్మమ్మ పొద్దున్నే తాగుతుంది ఆ గంజి. క్షమించండి పెదనాన్నగారూ.”

“అలాగా.”

“తిట్టండి. పర్లేదు.”

“తిట్టి ఏం చేసుకోను? బాగానే రాశావ్. కిటికీ ఎందుకు పెట్టావ్?”

“ఏమో. ఊరికే.”

“మంచి పని చేశావ్. ఆవిడకి కిటికీ ఉండాల్సిందే. చిలగడదుంప మాత్రం ముట్టుకోదు. చిన్నప్పుడు అదే తిని తిని మొహం మొత్తింది.”

“గంటలో దిద్దించేస్తాను. ఈలోగా మీరు మళ్ళీ ఫోన్ చేసి పంతొమ్మిది వందల నలభై తొమ్మిది అని చెప్పండి. ఉన్న సంగతి చెబుతుంది.”

“గంటలోనే దిద్దాలా?”

“ఎంతమందికి అదే మంచం చూపిస్తోందో!”

“నిజమే. వాళ్ళకీ తెలియాలి. నిజమేననుకో... రేపు దిద్దకూడదా?”

“పెదనాన్నగారూ, మీకు తెలుసుకోవాలని లేదా? ఒక్కసారి ఆ సంవత్సరం చెప్పి చూడండి.”

“చెప్పానమ్మా. నిన్న మా పక్కింటి మాస్టారు ఆ బయటి లెక్కలోనే అడగమంటే అడిగా. ‘ఏరు పొంగిన రోజే చనిపోయారు’ అంది. అందుకే ఇవాళ మళ్ళీ ముప్పై ఎనిమిదని చెప్పా.”