వెనక సీటుతో చెప్పిన మాట

"మామ్మగారూ, నా కొత్త స్కూటరు ఎలా ఉందో చెప్పనేలేదు" అంటావేంటమ్మా, నిన్న సాయంత్రం నుంచీ దాన్నే చూస్తున్నాను కదా. బాగుంది. ఆ గుండ్రటి లైటూ, వెనకాల బొద్దుగా ఆ డొక్కలూ, లేతాకుపచ్చ రంగూ... అచ్చం మా వారి బండే. నువ్వు పైవాటాలో దిగింది మొన్న కదా, ఆయన్ని చూడలేదు. పోయి ఆరేళ్ళయింది. ఇక్కడే ధవళేశ్వరంలో, కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసేవారు.

నీదానికి చప్పుడే లేదు. కరెంటు బండి అన్నావు కదూ. నువ్వు లోపలికొస్తుంటే పాడైపోయి తోసుకొస్తున్నావేమో అనుకున్నాను. ఆయనది వీధి మలుపులోనే వినపడేది, నేను కాఫీకి నీళ్ళు పెట్టేసేదాన్ని.

దానికో తిక్క ఉండేదమ్మా. ఆపితే మళ్ళీ ఓ పట్టాన స్టార్టవదు. పెట్రోలు దిగాలని ఓ పక్కకి వంచి, కాసేపు అలా ఉంచి, అప్పుడు కిక్కు కొట్టాలి. వంచాలంటే వెనక మనిషి దిగాలి కదా. నేను దిగడం, ఆయన వంచడం, మళ్ళీ నేను ఎక్కడం.

ఇంట్లో నాతో మాట్లాడేవారు కాదు. కోపం కాదమ్మా, సిగ్గు. అత్తగారు, మావగారు, ఇద్దరు ఆడపడుచులు. మంచినీళ్ళు కావాలన్నా గోడకి చెప్పినట్టు చెప్పేవారు. బండెక్కి ఊరు దాటాక నోరు విప్పేవారు. అదీ వెనక్కి తిరక్కుండా, రోడ్డుతో అంటున్నట్టు.

ఓసారి కడియంలో మా అక్క ఇంటికి బయల్దేరాం. పెళ్ళయి నాలుగేళ్ళు... కాదు, ఐదు. పిల్లల్లేరు. ఆవేళ పొద్దున్నే అత్తగారు ఆ విషయం మీద నన్నో మాట అన్నారు. ఆయన అక్కడే ఉన్నారు, విన్నారు, బండి తియ్యడానికి బయటికి నడిచారు. ఇప్పుడేమంటారో అని దారంతా నా ప్రాణం ఆయన వీపు మీదే ఉంది. చాలాసేపటికి "చూడూ, నీతో ఓ మాట చెప్పాలి" అన్నారు. అప్పుడే రైలు గేటు పడింది. బండి ఆపేశారు.

రైలు పోయింది, గేటు లేచింది. వెనక నుంచి హారన్లు. నేను దిగాను, ఆయన వంచారు, కిక్కు కొట్టారు. ఎక్కుదామని నేను సీటు మీద చెయ్యి వేసేలోపే, ఎక్కేశాననుకుని వెళ్ళిపోయారు.

పేరు పెట్టి పిలవకూడదు కదా. "ఏమండీ" అన్నాను. "ఏమండోయ్" అని గట్టిగా అన్నాను. ఆ గేటు దగ్గరున్న మగాళ్ళందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప. ఓ రిక్షా ఆయన "మీ ఏమండీ ఎవరమ్మా వీళ్ళలో?" అన్నాడు. ఇంకొకాయన పాపం, "పేరు చెప్పండి, మేం కేకేస్తాం" అన్నాడు. చెప్పలేకపోయాను. అక్కడేమో ఆయన తలూపుతూ, ఓ చెయ్యి తిప్పుతూ, మాట్లాడుకుంటూ పోతున్నారు.

మా అక్క గుమ్మం ముందు ఆపి "దిగు" అని చూస్తే నేను లేను. అదే ఊపున తిరిగొచ్చారు. మొహం పాలిపోయింది. "ఇందాక ఏం చెప్పారు?" అన్నాను.

"మొత్తం చెప్పేశాను."

"మళ్ళీ చెప్పండి."

"ఎక్కు" అన్నారు. అంతే. అలాంటి మాట రెండోసారి అనగలిగే మనిషి కాదు.

పిల్లలు పుట్టలేదు. ఆయన నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడుగుదామనుకున్నాను. ఆయాసపడుతున్న మనిషిని ఏం అడుగుతాం. ఇప్పుడు ఒక్కదాన్నే కదా, మధ్యాహ్నాలు కూర్చుని ఆయన ఏమన్నారో నేనే అల్లుకుంటాను. ఓ రోజు మంచిమాటే వస్తుంది. ఓ రోజు... పోనీలే.

ఆయన పేరా? ఇప్పటికీ నోటితో అనలేనమ్మా. ఉండు, రాస్తాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, మన వీధి చివర టీచరమ్మ నేర్పింది. వంకరగా ఉంటాయి, నవ్వకు. ఇదుగో. పైకి చదువు.

ఇంకోసారి, కాస్త గట్టిగా. అత్తగారు పోయాక ఈ ఇంట్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళే లేరు.

చల్లగా ఉండు తల్లీ. వెళ్ళు, ఆఫీసుకి టైమవుతోంది... ఆ కాయితం ఇలా ఇచ్చి వెళ్ళు.