ముంగిస సినిమాకు బస్సెక్కే ముందు

ఇంకా ఆ గోడ వైపే తిరిగి కూచుంటారా? సరే, కూచోండి. అలిగినోళ్ళను బతిమాలడం నాకు కొత్త కాదు. ఇస్కూల్లో నేను చేసిన పనిలో సగం అదే.

నిన్న సాయంత్రం నుంచి మీరు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మజ్జిగన్నం గమ్మున తిన్నారు. పొద్దున కాఫీకి చెయ్యి చాపినారు గానీ నోరు తెరవలేదు. దేనికప్పా ఇంత కోపం? పొలం గట్టు తగాదానా? ఒక సినిమా గూఢచారి గురించి. ఎమ్మిగనూరు బజారులో తలపండేదాకా బట్టలంగడి నడిపిన వీరభద్రప్ప, మనవరాలి ఫోనులో కొత్త ముంగిసను చూసి, ఈ గడ్డపోడు ముంగిసేంది, నేను రానుపో అని గోడకు తిరిగినాడంటే బజారులో ఎవరన్నా నమ్ముతారా?

పేరు పెట్టి పిలిచినానని భుజం అదిరిందే. అయితే వింటాండారు. మంచిది.

మనవరాలు శివజ్యోతి టికెట్లు తీసి, బస్టాండులో మనకోసం కాచుకోని ఉండాది. కర్నూల్లో పదకొండు గంటల ఆట. మన పెండ్లయినప్పటి నుంచి ముంగిస సినిమా ఒక్కటన్నా విడివిడిగా చూసినామా? ఈరేష్ కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ కుదుపులు వద్దంటే, మీరు బండి మాట్లాడి, కింద మెత్తగా బోదగడ్డి పరిపించి తీసకపోయినారు. ఇయ్యాల మీరు రాకుంటే ఆ వరస తెగిపోతుంది. నేను ఒక్కదాన్నే పోయేదాన్ని కాదు. అందుకని బస్సు టైముకు ఈ పాఠం ముగించాల. మధ్యలో లేవకూడదు.

ఇంతవరకు ముంగిస వేషం ఐదుగురు కట్టినారు. మొదటాయన మీ ఆయన, మీకు నచ్చినాయన. ఆయన గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? వెడల్పాటి ఛాతీ, గుబురు కనుబొమలు. పరుగెత్తడు. మేడ కూలిపోతున్నా నడిచే వస్తాడు. ఆయన కనుబొమ ఒకటి పైకి లేపితే మీరు అంగట్లో బేరమాడే ఆడోళ్ళ ముందర అట్లనే లేపేవాళ్ళు. వాళ్ళు ఈయప్ప కంట్లో ఏం పడిందో అనుకునేవాళ్ళు. పాపం, ఊది తీస్తానని ఒకామె దగ్గరకు కూడా వచ్చింది.

నవ్వొస్తే నవ్వండి, గోడకేం నష్టం లేదు.

అప్పుడు తెలుగు మాటలు యాడివి? బస్టాండు వెనక టాకీసులో ఆదివారం పొద్దునాట ఇంగ్లీషులోనే ఆడేది. తుపాకి పిడి మీద ముంగిస బొమ్మ ఉంటుంది కాబట్టి ఊరంతా ముంగిస సినిమా అనేది. అసలు పేరు ఎవరికి కావాల? మీకు ఇంగ్లీషు రాదు, నేను టీచరును. మీ చెవిలో చెప్తా ఉంటిని. వాడు శత్రువు, వీడు శత్రువు మాదిరి నటిస్తాండాడు, ఆయమ్మ చేతిలో ఉండేది మందు కాదు విషం అని. మొదట్లో వెనక వరసోళ్ళు కసురుకునేవాళ్ళు. రెండో సినిమాకు అదే వరసోళ్ళు ముందుకు వంగి, కొంచెం గట్టిగా చెప్పమ్మా అన్నారు. ఆ తర్వాత గేటు కాడ ఓబులేషును, టీచరమ్మ వచ్చిందా అని అడిగి గానీ టికెట్టు తీసుకునేవాళ్ళు కాదు. టీచరమ్మ వరస అని దానికి పేరే పడిపోయింది. ఒకసారి ఇది నాకే అర్థం కాలేదు అన్నందుకు సోడాలమ్మే ఆయన నన్ను ఎట్ల చూసినాడో మీకు గుర్తుండాదా? ఆయన టికెట్టు నేను చించినట్టు చూసినాడు.

అది పక్కన పెడదాం. రెండో ఆయన నవ్వులాయన. విమానం రెక్క పట్టుకోని వేలాడతా కూడా చమత్కారమాడతాడు. ఆయన కోటు నలిగింది మనం ఎప్పుడూ చూడలేదు. మీరు కథను వదిలేసి ఆ కోటు గుడ్డనే చూసేవాళ్ళు. నీళ్ళల్లోంచి లేచినాక కూడా మడత చెరగలేదంటే నేత ఎంత చిక్కగా ఉండాలో చూడు అని నాకే పాఠం చెప్పినారు. నాకు ఆయనంటే పడదు. ప్రాణం పోయేటప్పుడు కూడా నవ్వేవాడిని నమ్మేదెట్ల? వాడికి ఏమీ కాదని ముందే తెలిసిపోతే ఇంక నేనెందుకు భయపడాల?

మూడో ఆయన నా ఆయన. ఒక్క సినిమాతోనే పంపించేసినారు. కారణం మీకూ తెలుసు. తోటి గూఢచారి చచ్చిపోతే రైలు కూతలో కలిపి ఏడ్చినాడు. టాకీసంతా గొల్లున నవ్వింది. మీరూ నవ్వినారు. ముంగిస ఏడుస్తుందా అన్నారు. మొదటాయనకు భయం లేదు, అది చూడ్డానికి బాగుంటుంది. మూడో ఆయనకు భయముంది, అయినా శత్రువులుండే గది తలుపు తీస్తాడు. రెండిట్లో ఏది కష్టం? ఈ ప్రశ్నకు ఇన్నేండ్లలో మీరు జవాబు రాయలేదు. ఖాళీ కాగితమే ఇస్తాండారు.

నాలుగో ఆయన శివజ్యోతికి ఇష్టం. మొరటాయన. తంతాడు, తన్నులు తింటాడు, చొక్కా చిరిగితే చిరిగిందే. అప్పటికి తెలుగు మాటలు వచ్చేసినాయి. ఇంక నాకు పని లేకుండా పోయింది. నిజం చెప్పాలంటే, ఆయన సినిమాలన్నీ బాగుండాయి గానీ, చేతులు కట్టుకోని చూసినట్టు ఉండేది నాకు.

ఇంక ఐదో ఆయన. తగువంతా ఈయన దగ్గరే కదా.

ఈయనకు గడ్డం లేదండీ.

నున్నగా గీసుకోని, కండ్లద్దాలు పెట్టుకోని ఉండాడు. మన ఇస్కూలు లెక్కల సారు మాదిరి. ఫోనులో మీకు కనపడిన గడ్డమాయన విలను.

తిరగొద్దు, అట్లనే కూచోని వినండి. పోయిన సినిమాలో కూడా తలుపు తోసుకోని విలను వస్తే మీరు చప్పట్లు కొట్టినారు. శివజ్యోతి నవ్వింది. మీరు వెంటనే, వీడే బాగా చేస్తాండాడు, అందుకే కొట్టినా అన్నారు. ఆ పిల్ల నమ్మింది. నేను నమ్మలేదు. ఉగాదికి నెమలికంఠం చీర అడిగిన ఆమెకు మీరు నల్లది తీసి ఇచ్చినారు. ఈరేష్ గమ్మున మార్చి పెట్టినాడు. వాడు మీతో అనలేదు, నాతోనూ అనలేదు. అంగట్లో గుడ్డను వేళ్ళతో నలిపి చూస్తాంటే, పెద్దాయన చేతి పట్టు అది అని అందరూ మురిసిపోతాండారు. నేను మాత్రం మీ వేళ్ళను చూడలేదు, మీ కండ్లు యాడ చూస్తాండాయో చూసినా.

వెనక బెంచీలో పుల్లమ్మ అని ఒక పిల్ల ఉండేది నాకు. రోజూ ఏదో ఒక జగడం. పాఠం బాగాలేదంటుంది, పక్కదాన్ని గిల్లుతుంది, పలక విసిరేస్తుంది. అందరూ పొగరు అన్నారు. ఒకరోజు ముందుకు తెచ్చి కూచోబెట్టినా. జగడం మాయమైపోయింది. దానికి బోర్డు కనపడేది కాదు, అంతే. కనపడలేదని చెప్పడానికి సిగ్గుపడి పాఠాన్ని తిట్టేది.

మీకు కొత్తాయన మీద కోపం లేదు. ఎందుకంటే మీరు ఆయన్ను చూడనే లేదు.

ఏం మాట్లాడొద్దు. నేను ఏడవడంలేదు, మీరూ ఏడవాల్సిన పని లేదు. అది కంట్లో పొరో, ఇంకొకటో డాక్టరు చెప్పాల. మీ అన్నకు ఆ కాలంలో ఆపరేషను చేసినాక కన్ను పోయిందని మీకు గుండెల్లో ఉండిపోయింది, అది కూడా నాకు తెలుసు. ఆ కాలం ముంగిస సినిమా నలుపు తెలుపు. ఇప్పటిది చూడండి ఎట్లుండాదో. డాక్టర్లు మాత్రం అట్లనే ఉండిపోతారా? ఆట వదిలినాక టాకీసు పక్క సందులోనే కంటాసుపత్రి. శివజ్యోతి అపాయింటుమెంటు తీసింది. సినిమా ముందర, డాక్టరు తర్వాత. ఇంటర్వెల్లో పారిపోవద్దు. భయముంటే ఉండనీ. మూడో ఆయనకూ ఉండె, తలుపు తీసినాడు.

ఈలోపల కనపడదు కదా, పోయి ఏం చేసేది అంటారా? వినండి. అప్పుడు మీకు బొమ్మ కనపడేది, మాట అర్థమయ్యేది కాదు. మాటలు నేను చెప్పినా. ఇప్పుడు మాటలు తెలుగులోనే వస్తాండాయి, వినుకోండి. బొమ్మలు నేను చెప్తా. ఎవరు వచ్చినారు, ఎవరికి గడ్డముంది, ఎవరు తుపాకి తీసినారు, కోటు నలిగిందా లేదా, అన్నీ. ఆ పెద్ద టాకీసులో ఎవరన్నా కసురుకుంటే కసురుకోనీ. ఇంటర్వెల్ అయ్యేసరికి వాళ్ళూ ముందుకు వంగుతారు.

ఇంకొకటి. ఇది మనిద్దరి మధ్యనే ఉండాల. ఆ మొరటాయన సినిమాల్లో చేతులు కట్టుకోని చూసినట్టు ఉండేదని అన్నా కదా. చూసేది కాదప్పా నాకు ఇష్టం. మీ చెవిలో చెప్పేది ఇష్టం. మళ్ళీ ఆ పని దొరికినందుకు, మీ కండ్ల సంగతి తెలిసినరోజు బాధతోపాటు లోపల ఒక మూల సంతోషమైంది. ఎంత పాడు మనిషినో చూడండి.

అట్లని నవ్వుతారా? నవ్వండి. బస్సులో శివజ్యోతి ముందర మొదటాయనే గొప్పోడు అని ఒప్పుకుంటా, ఇయ్యాలొక్కరోజుకే. ఇంటికొచ్చినాక మళ్ళీ మూడో ఆయనే.

లేస్తాండారా? మెల్లగా. చెప్పులు గడప ఇవతల, మీ ఎడం పక్కన. ఇంకొంచెం. అది కాదు, అది నాది. ఆ, అదే.

ఎదురుగా ఆటో ఆగి ఉండాది, పచ్చది. డ్రైవరుకు గడ్డం లేదు. మనోడే.