కరెంటు బాబాయి ఏమీ మరిచిపోలేదు

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ బల్లలు ఖాళీగానే ఉన్నాయి. ఈ క్యాంటీన్‌లో ఇంతమందిని ఒకేసారి చూడటం నాకిదే మొదలు. మామూలుగా ఒక షిఫ్టు వాళ్ళు తింటుంటే ఇంకో షిఫ్టు వాళ్ళు మిషన్ల దగ్గరుంటారు. ఇవాళ సెలవులో ఉన్నవాళ్ళు వచ్చారు. రిటైరైన పెద్దలు వచ్చారు. మేనేజరు గారు వచ్చారు, మన ఇంజనీరమ్మ వచ్చింది. కొలిమిని కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్ళు తప్ప అందరం ఇక్కడే ఉన్నాం. ఇంతమంది ఉన్నా ఈ గది బోసిగా ఉంది. ఎందుకో మీకు నేను చెప్పాలా?

మీలో చాలామందికి నేను తెలుసు. బాబాయి తరఫు చుట్టాలున్నారు కాబట్టి వాళ్ళకోసం చెబుతాను. ఈ గాజు ఫ్యాక్టరీలో నాది సీసాలు తనిఖీ చేసే పని. బెల్టు మీద సీసాలు నా ముందు నుంచి వరసగా పోతుంటాయి. వాటి వెనకాల లైట్లు వెలుగుతుంటాయి. ఆ వెలుగులో పగులు కనబడిన సీసాని పట్టి తొట్టిలో పడేస్తాను. ఇది చూసే ఉద్యోగం, మాట్లాడే ఉద్యోగం కాదు. తప్పులుంటే సర్దుకోండి.

ఇక మన బాబాయి. ఇక్కడి మోటార్లు, లైట్లు, తీగలు, స్విచ్చులు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. చిన్నా పెద్దా అందరికీ ఆయన కరెంటు బాబాయే. నేను ఆయనకన్నా వయసులో పెద్దదాన్ని. అయినా నలుగురితో పాటు నేనూ బాబాయి అంటే, ఆయన కక్షగట్టి నన్ను "పెద్దమ్మా" అని పిలిచేవాడు. ఆయన భార్యేమో నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లమ్మా అంటాను. వరసలు కలపాలని చూడకండి, తల తిరుగుతుంది. మా ఫ్యాక్టరీలో ఎవరి వరసలూ ఎప్పుడూ కలవలేదు.

అసలు నేను మాట్లాడనని చెప్పేశాను. మరెందుకు లేచానంటే, బాబాయి పోయినప్పటి నుంచి గేటు బయట టీ కొట్టు దగ్గర ఒక మాట నలుగుతోంది. కరెంటు మనిషి కరెంటుకే పోయాడని. డాక్టరు గుండె ఆగిందని స్పష్టంగా చెప్పాడు. అయినా ఎవరు వింటారు? గుండె ఆగిపోయిందంటే అందులో చెప్పుకోవడానికి ఏముంది? షాకు కొట్టిందంటే ఇంకో టీ తాగేంత కబురు. ఆ కబురు తిరిగి తిరిగి చెల్లమ్మ గడప దాకా వెళ్ళింది. నిన్న నేను వెళ్తే ఆమె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వక్కడే ఉన్నావు కదా. ఆయన ఏమైనా మరిచిపోయారా?" అని అడిగింది.

ఎంత మాటండీ అది! ఆయనతో జీవితమంతా గడిపిన మనిషి నోట ఆ ప్రశ్న రావాలా? జవాబు అక్కడే ఆమె చెవిలో చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు. నలుగురిలో తిరిగిన మాటకి నలుగురిలోనే జవాబు చెబుతాను, రేపు సభకి రా చెల్లమ్మా అన్నాను. వచ్చింది. ఆ కిటికీ పక్కన కూర్చుంది. ఇప్పుడు నేను చెప్పేదంతా ఆమెకే, మీరూ వినండి.

ముందు నా కళ్ళ సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కింద నా బల్ల దాటి పగిలిన సీసాలు బయటికి వెళ్ళాయి. ఒకటి కాదు, తరచూ వెళ్ళాయి. కొన్నవాళ్ళు గొడవ పెట్టారు. ఇంకో రెండు లైట్లు బిగించారు, అయినా అదే తంతు. చివరికి అందరూ నా మొహం చూశారు. పెద్దదాన్నయ్యాను కదా, చూపు తగ్గి ఉంటుందన్నారు. తిట్టలేదు, జాలిపడ్డారు. తిట్టినా బాగుండేది. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. నేనూ నమ్మేశాను. ఇంట్లో సూది దారం ముట్టడం మానేశాను. మా కోడలు గడప దగ్గర నా చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టింది. బియ్యంలో రాయి స్పష్టంగా కనబడుతున్నా, అది రాయేనా అని పిలిచి అడిగేదాన్ని. నవ్వకండి. నీకు చూపు లేదని పదిమంది చెబితే, కనిపించేది కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

అప్పుడు వచ్చాడు బాబాయి. లైటు చూడలేదు, స్విచ్చు చూడలేదు. నన్ను లేపి నా స్టూలు మీద కూర్చున్నాడు. "ఈ పూట నీ పని నాది పెద్దమ్మా, నువ్వు నన్ను తిడుతూ కూర్చో" అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి? కూర్చుని మనసారా తిట్టాను. ఆయన చేతులు ఒకచోట, సీసా ఒకచోట. నేను తియ్యగలిగిన పగులు కూడా ఆయన వదిలేశాడు. మధ్యలో ఉన్నట్టుండి తిరిగి నన్నడిగాడు, "పెద్దమ్మా, ఇప్పుడు రెప్ప వేసింది నేనా, లైటా?" అని.

రెప్ప వేసింది లైటండీ. అవతలి షెడ్డులో గాలి కంప్రెసర్ ఉంది కదా, ఆ పెద్ద మోటారు మొదలైన ప్రతిసారీ ఒక్క గుటకలో బోలెడు కరెంటు లాక్కునేది. మా లైట్లు అదే లైను మీద ఉండేవి. అవి ఒక్క క్షణం డీలాపడి మళ్ళీ లేచేవి. ఏళ్ళ తరబడి అలవాటైపోయి మాకెవరికీ తెలియలేదు. ఆ క్షణంలో నా ముందు నుంచి పోయిన సీసా పోయినట్టే. కొత్తగా బిగించిన లైట్లూ వాటితో పాటే డీలాపడ్డాయి, ఇక ఎన్ని బిగిస్తే ఏం లాభం? ఇంజనీరమ్మ మీటరు పెట్టి కొలిచింది, బాబాయి మాట నిజమంది. తర్వాత ఇద్దరూ ఏ దారిన తీగ లాగాలా అని కొట్టుకున్నంత పని చేశారు. ఆమె మాటే నెగ్గింది. బాబాయి వారం పాటు మొహం మాడ్చుకుని ఆమె చెప్పిన దారినే లాగాడు. లైట్లకి వేరే లైను వచ్చింది. మోటారు మెల్లగా మొదలయ్యేలా కొత్త స్టార్టరు వచ్చింది.

ఆ రోజు ఇంటికెళ్ళి సూదిలో దారం ఎక్కించాను. మొదటిసారికే ఎక్కింది. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. మా కోడలు పరుగెత్తుకొచ్చి మళ్ళీ చెయ్యి పట్టుకోబోతే, కసిరాను పాపం. బాబాయి నాకు ఉద్యోగం నిలబెట్టాడని అందరూ అంటారు. కాదండీ. నా కళ్ళు నాకు తిరిగి ఇచ్చాడు. ఇవాళ ఈ సభలో మీ మొహాలు నాకు ఇంత బాగా కనబడుతున్నాయంటే, చివరి వరసలో ఎవరు ఫోను చూసుకుంటున్నారో కూడా కనబడుతోందంటే, అది ఆయన చలవే.

బాబాయి అంటే మరీ దేవుడనుకుంటారేమో, చుట్టాలకి నిజం చెప్పాలి. ఇంట్లో వంటగది లైటు పోతే నెలలు గడిచినా ముట్టుకునేవాడు కాదు. చెల్లమ్మ చెప్పి చెప్పి విసిగిపోయి, ఒకరోజు ఫ్యాక్టరీకే ఫోను చేసి, పేరు చెప్పకుండా ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో లైటు పోయిందని కంప్లయింటు ఇచ్చింది. ఆయన సాయంత్రం సంచి భుజానేసుకుని ఇంటికెళ్ళి, తన తలుపు తనే తట్టి, "కంప్లయింటు ఇచ్చింది ఎవరండీ?" అని అడిగాడట. చెల్లమ్మా, నువ్వు నవ్వుతున్నావు. నవ్వు తల్లీ. ఆయనుంటే ఈపాటికి పడీ పడీ నవ్వేవాడు.

ఇంకొకటి చెబుతాను, ఇది మేనేజరు గారికి బాగా గుర్తుంటుంది. పెద్ద రిపేరు అయిపోయింది. లైను మొదలుపెట్టాలి. బాబాయి స్విచ్చు ముందు నిలబడి, లోపల పనిచేసిన ప్రతి ఒక్కణ్ణీ ఎదురుగా రప్పించుకుని భుజం తట్టి చూసుకున్నాడు. ఆయన పద్ధతే అంత. ఒక ఫిట్టరు కనబడలేదు. అందరూ బయటికొచ్చేశారు బాబాయి, వెయ్యమన్నారు. వెయ్యనన్నాడు. మేనేజరు గారు అరిచారు. బాబాయి స్విచ్చుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. వెతికారు, వెతికారు. చివరికి ఆ ఫిట్టరు ఎక్కడ దొరికాడు? ఇదిగో, ఈ క్యాంటీన్‌లో, ఆ మూల బల్ల మీద గుర్రుపెడుతూ. అందరూ బాబాయిని ఏడిపించారు. ఆయన మాత్రం, "వాడు క్యాంటీన్‌లో ఉన్నాడని ఇప్పుడు తెలిసింది. ఇందాక తెలియదు కదా" అన్నాడు. తర్వాతి రిపేరుకి మళ్ళీ అదే పని చేశాడు.

ఇక ఆ రోజు సంగతి.

పొద్దున పూట. నా బల్ల మీది లైటు హోల్డరు మార్చాలి. బాబాయి వచ్చి బల్ల దగ్గర ఉన్న ఒక్కొక్కరికీ చెప్పాడు, లైను ఆపుతున్నానని. వెళ్ళి ఆపాడు. ఆపి, స్విచ్చుకి తన తాళం వేశాడు. ఆ తాళం తీస్తే తప్ప ఎవరూ కరెంటు ఇవ్వలేరు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. బాబాయి దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న మేస్త్రి నిచ్చెనెక్కి తీగలు విప్పాడు, బాబాయి కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నుదురంతా చెమట. ఏమైందన్నాను. ఏం లేదన్నాడు. నేనే జబ్బ పట్టుకుని నా స్టూలు మీద కూర్చోబెట్టాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత ఆ చేత్తోనే జేబులోంచి తాళంచెవి తీసి నా గుప్పిట్లో పెట్టాడు. "పెద్దమ్మా, వాడు కిందికి దిగేదాకా ఎవరడిగినా ఇవ్వకు" అన్నాడు. నా భుజం మీదికి ఒరిగిపోయాడు.

అంతా పరుగెత్తుకొచ్చారు. షాకు, షాకు, లైను ఆపండి అని ఎవరో కేకపెట్టారు. టీ కొట్టు దాకా పోయింది ఆ కేకే. ఏ లైనండీ ఆపేది? అది ముందే ఆగి ఉంది. ఆపింది ఆయనే. అక్కడ మసకగా ఉంది, బాబాయి మొహం సరిగా కనబడటం లేదు, లైటు వెయ్యాలి తాళంచెవి ఇవ్వమ్మా అని ఒకరడిగారు. పాపం మంచికే అడిగారు. నేను ఇవ్వలేదు. పైన చిన్న మేస్త్రి రెండు చేతుల్లో తీగలున్నాయి. అతను తీగలు వదిలి, ఒక్కొక్క మెట్టూ దిగి, నేల మీద కాలుపెట్టాక అప్పుడిచ్చాను.

చిన్న మేస్త్రీ, ఒక్కసారి లేచి నిలబడు నాయనా. సిగ్గుపడకు, లే. పక్కన మీ ఆవిడనీ లేపు.

చూశావా చెల్లమ్మా? బాగా చూడు. నువ్వడిగినదానికి జవాబు అదిగో, అక్కడ నిలబడి ఉంది. గుండె పట్టేసి ఊపిరాడని ఘడియలో కూడా ఆయన తలలో ఉన్నది నిచ్చెన మీద మనిషి. నీ భర్త ఏమీ మరిచిపోలేదు తల్లీ. ఏమీ మరిచిపోలేదు. ఇకమీదట గేటు దగ్గర ఎవరైనా ఆ మాటంటే, ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఆగి, జరిగింది చెప్పండి.

ఆ ఇద్దరూ ఎలాగూ నిలబడే ఉన్నారు. వాళ్ళతో పాటు మనమందరం లేద్దాం. వెనకాల కొలిమి ఫ్యాన్ల హోరు వినబడుతూనే ఉంటుంది, వాటిని ఆపకూడదు, అవి తిరగనివ్వండి. మనం మాత్రం ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకుండా మన బాబాయిని తలుచుకుందాం. లేవండి.