ఇయాల్నే దిగుతం

(మేడ్చల్ బస్ డిపో వెనక కాలనీ. పొద్దున పదకొండు. టులెట్ బోర్డు కట్టిన ఇంటి వరండాలో ఇద్దరు: ఇంటి యజమాని కామేశ్వరమ్మ, ఇల్లు చూసుకోవడానికి గాజులరామారం నుంచి వచ్చిన యోబు.)

"...రెండు బెడ్రూములూ చూశారుగా. వంటింట్లో అరలు మొన్ననే వేయించాం. గోడలకి మేకులు మాత్రం కొట్టకూడదు."

"కొట్టమమ్మా. ఇల్లు మస్తుంది. ఇగ ఖాయం జేస్తరా?"

"అప్పుడేనా? మోటారు చూడలేదు, బాత్రూం తలుపు తీసి కూడా చూడలేదు మీరు."

"జూసినట్టేనమ్మా. ముందల హాలు పెద్దగున్నది. సాలు."

"హాలు చూసి ఇల్లు తీసుకునే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా. ఎంతమంది ఉంటారు?"

"ముగ్గురం. నేను, మా సాయమ్మ, బిడ్డ ఏంజెల్. ఇంటర్ సదువుతాంది."

"మీరేం చేస్తుంటారు?"

"స్కూల్ బస్సు నడుపుత. ఇరవై రెండేండ్లాయె. ఒక్క పోరనికి గీత గూడ వడలే."

"మంచిది. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ముందే చెబుతున్నా, తర్వాత నాతో గొడవ పడొద్దు."

"ఎట్లొచ్చినా ఫరక్ లేదమ్మా."

"చుట్టాల రాకపోకలు ఎక్కువా?"

"ఇయాల, రేపు వస్తరు. తర్వాత ఎవ్వలు రారు."

"ఇవాళా? ఇంట్లో దిగకుండానే చుట్టాలేంటండీ?"

"అదే... ఇయాల్నే దిగుతమమ్మా."

"మంగళవారం పూటా? మంగళవారం ఎవరైనా ఇల్లు మారతారా?"

"మాకు మంగళారం, బేస్తారం అని ఏం లేదమ్మా."

"ఓహో. చర్చివాళ్ళా?"

"అవునమ్మా. అది గూడ ఇబ్బందేనా?"

"నాకేం ఇబ్బంది? మా అబ్బాయి ఫణిభూషణ్‌కి ఓ మాట చెప్పాలి, అంతే. వాడికి డోలకులూ, పాటలూ అంటే పడదు."

"ఒక్కరోజే ఉంటదమ్మా పాట. సప్పుడు గాకుంట పాడమని చెప్త."

"సరే. గురువారం మీ ఆవిడ్ని తీసుకొచ్చి పాలు పొంగించుకోండి. ఇల్లు ఆవిడకి నచ్చాలి కదా, వంటింట్లో ఉండేది ఆవిడ."

"ఆమె... వంట జెయ్యదమ్మా ఇగ."

"చెయ్యదా? మరెవరు చేస్తారు?"

"బిడ్డ జేస్తది."

"చదువుకునే పిల్లా? బాబూ, మీరేదో దాస్తున్నారు. కూర్చోండి."

"నిలవడ్తనమ్మా. టైము లేదు."

"టైము లేకపోవడమేంటి? చెప్పండి."

"బ్రోకర్ లక్ష్మణ్ చెప్పకన్నడు. చెప్తే ఎవ్వలు ఇల్లియ్యరన్నడు. నాకేమో అబద్ధం నోట్లకెంచి రాదు. పొద్దుగాలకెంచి ఐదిండ్లు తిరిగిన. నాగారం దాక వోయొచ్చిన. మీ కాల్మొక్తనమ్మా."

"ఏమైంది ఆవిడకి?"

"క్యాన్సర్. కడుపుల. ఇగ మా చేతుల లేదు, ఇంటికి తీస్కపోండ్రి అన్నరు."

"అయ్యో... ఎంత వయసు?"

"నలభై ఆరు."

"ఇప్పుడున్న ఇల్లు ఏమైంది మరి?"

"తొమ్మిదేండ్లు ఉన్నం ఆడ. ఓనర్ గండయ్య మంచోడే. తప్పు నాదేనమ్మా."

"మీరేం చేశారు?"

"చర్చి గ్రూపుల పెట్టమని పాస్టరయ్యను నేనే అడిగిన. సాయమ్మ కోసం ప్రార్థన చెయ్యుండ్రి, డాక్టర్లు ఆశ లేదన్నరు అని. ఫోటో గూడ నేనే పంపిన. గా గ్రూపుల గండయ్య తమ్ముడున్నడు. దినాం ఆమెన్, ఆమెన్ అని పెడ్తుండె. మందికోసం ఎంత మంచి మనసు అనుకున్న. సీదా వోయి అన్నకు చెప్పిండు."

"చెప్పి?"

"ఇంట్ల అసొంటిదైతే రేపు కిరాయికి ఎవ్వలొస్తరని గండయ్య పరేషాన్ అయిండు. పొద్దుగాల దవాఖానకెంచి వోతె గేటుకు తాళం. సామాను లోపట్నే ఉన్నది. దుప్పటి గూడ లేదమ్మా."

"బతికున్న మనిషికే తాళమేశాడా?"

"తాళమైతే... ఏసిండమ్మా."

"మా ఫణిభూషణ్ ఏమంటాడో..."

"ఇయ్యకుంటే ఇయ్యననుండ్రి అమ్మా. ఇంకో ఇల్లు జూస్కుంట. షామీర్‌పేట దిక్కు ఒకటుందన్నరు."

"ఆగండి. మా వారు పోయినప్పుడు మేమూ అద్దెకే ఉన్నాం. ఆస్పత్రి నుంచి తెచ్చేసరికి ఆ ఇంటాయన లోపలికి వద్దన్నాడు. రోడ్డు మీద షామియానా వేశారు. వానొచ్చింది. కారుతున్న చోటు నుంచి ఆయన్ని జరపడం, మళ్ళీ ఇంకోచోట కారడం. కొంగుతో ఆయన మొహం తుడుస్తూ తెల్లవార్లూ కూర్చున్నా. ఏడవడానికి కూడా తీరిక లేదు."

"అమ్మా..."

"అంతా తెలిసీ ఇందాక మీకు మంగళవారం అంటున్నా, చూశారా? బుద్ధి ఎక్కడికి పోతుంది! ఇదిగో తాళంచెవి. పట్టుకోండి."

"మీ కొడుకు..."

"వాడి సంగతి నాకొదిలేయండి."

"అడ్వాన్సు తెచ్చిననమ్మా, జేబుల..."

"జేబులోనే ఉంచండి. మంచం నాది వేస్తాను. హాల్లో వేద్దాం, గాలి తగులుతుంది. కొబ్బరినీళ్ళు పడతాయా ఆవిడకి?"

"ఒక్క మాటమ్మా..."

"గురువారం వద్దు, ఏం వద్దు, ఇప్పుడే తీసుకురండి. ఊపిరి ఉండగా నా గడప దాటిందంటే ఆవిడ ఈ ఇంటి మనిషే. తర్వాత ఏది జరిగినా ఈ ఇంట్లోంచే జరుగుతుంది. ఎవడొచ్చి కాదన్నా నేను ఊరుకోను. ఇంకా నిలబడతారేంటి? పరుగెత్తండి బాబూ! ఎక్కడుంది ఆవిడ?"

"ఉరుకుడెందుకమ్మా ఇగ... గల్లి మలుపుల అంబులెన్సుల పండుకున్నది. బిడ్డ పక్కనే ఉన్నది. పొద్దుగాల ఆరింటికే పోయిందమ్మా."