స్టేజీ కింద కుర్చీ

"నానమ్మా, ఈ ఫొటోలో అందరూ స్టేజీ మీదుంటే, నువ్వొక్కదానివే సెల్లో వాయిద్యం పట్టుకుని కింద కూర్చున్నావేంటి?"

ఏదీ, ఇలా ఇవ్వు. కళ్ళజోడు లేదే... ఆ, ఇదా. ఇది తెనాలి, కాదు కాదు, బందరు. తెనాలిలో పందిరేశారు, ఇక్కడ హాలు కనపడతంది కదా. బందరే. ఆ మధ్యలో ఉన్నాయనే మా గురువుగారు. విజయవాడ గవర్నర్‌పేటలో బట్టల కొట్టు మేడ మీద సంగీతం చెప్పేవారు. కింద జాకెట్టు గుడ్డలు చింపే చప్పుడు, పైన సరిగమలు.

అసలు ఈ సెల్లో నా చేతికెలా వచ్చిందంటే, పామర్రు దగ్గర మిషన్ హాస్టల్లో మా నాన్న వంట చేసేవాడు. అక్కడి దొరసానమ్మ వాయించేది. ఫిడేలుకి పెద్దన్నలా ఇంత ఎత్తుంటే, మేం పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం. అందర్లోకీ పొడుగ్గా ఉన్నానని నాకు నేర్పింది, వెళ్ళిపోతూ నాకే వదిలేసింది. చర్చిలో పాటలకి వాయించేదాన్ని. అది విని ఎవరో గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయనది బొంగురు గొంతు... బొంగురు కాదులే, లోతు గొంతు. కింది స్థాయిలో పాడుతుంటే ఫిడేలు ఎక్కడో పైనుండిపోయేది. నేను వాయించింది విని, "ఇన్నాళ్ళకి నా గొంతుకి తోడు దొరికిందమ్మాయ్" అన్నారు. ఇక నాకు ఒకటే ఆశ, కచేరీలో ఆయన పక్కన కూర్చుని వాయించాలని.

అక్కడే వచ్చింది తంటా. మన కచేరీల్లో జంపఖానా పరుచుకుని కూర్చుంటారు కదా, సెల్లోకేమో కుర్చీ కావాలి. విద్వాంసుడు నేల మీద కూర్చునుంటే పక్కవాద్యం పిల్ల కుర్చీలో, ఆయన తల పక్కన కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుందా అన్నారు సభవాళ్ళు. అప్పటి పద్ధతి అదే. బాసింపట్టు వేసుక్కూర్చుని చూశా. మా మేనమామ కొడుకుది ఆటోనగర్‌లో లేతు పని, వాడు సెల్లో అడుగునుండే ఇనప ఊచ పొట్టిగా కోసిపెట్టాడు. అయినా కమాను లాగితే మోకాలికి తగిలేది. "వదినా, ఇక మోకాలు కోస్తే సరిపోద్ది" అనేవాడు వెధవ. మంచోడేలే, పోయాడు పాపం.

చివరికి గురువుగారే తేల్చారు. స్టేజీని ఆనుకుని కింద కుర్చీ వేస్తే నా తలా ఆయన తలా సమానంగా ఉంటాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నారు. సరేనన్నా. అదేనే ఈ ఫొటో. పెళ్ళయ్యాక, మీ నాన్న పుట్టాక కూడా అలాగే వాయించా. ఆఖర్లో శాలువాలు పైనున్నవాళ్ళకి కప్పి, నాది వంగి చేతికిచ్చేవాళ్ళు. ఒక్కోసారి మర్చిపోయేవాళ్ళు కూడా. బాధేసేది, ఎందుకెయ్యదూ. ఆయన మాత్రం పాట అవగానే నావైపు చూసేవారు. దాంతో సరిపెట్టుకునేదాన్ని.

తర్వాత్తర్వాత ఆయనకి మోకాళ్ళు పోయాయి. నేల మీద కూర్చోలేరని, విజయవాడలో ఆఖరి కచేరీకి ఆయనకే స్టేజీ మీద కుర్చీ వేశారు. కూర్చోగానే, "అమ్మాయేదీ? ఇంకో కుర్చీ వెయ్యండి" అన్నారు. అమ్మాయంట, అప్పటికి నాకు జుట్టంతా నెరిసింది. ఎక్కా. ఎక్కితే ఏమైంది, మోకాళ్ళతో పాటు గొంతూ పోయింది ఆయనకి. కింది స్థాయిలోకి దిగబోయి ఆగిపోయారు. నేను ఆపలా. ఆయన పాడాల్సిన చోటల్లా నేను వాయించా. ఆయన తొడ మీద తాళం వేస్తూ విన్నారు.

అంతా అయ్యాక నావైపు వంగి, "నీకు కుర్చీ ఎప్పుడో వేయించాల్సిందమ్మాయ్" అన్నారు. అయ్యో, అలా అనకండి, పర్లేదులెండి అనాలి కదా పెద్దాయనతో. నేననలా. "అవునండీ" అన్నా. ఆయన తలూపారు. మళ్ళీ ఆ మాట మా మధ్య రాలేదు.

శనివారం నువ్వు వాయించే ప్రోగ్రాం కదూ. ముందే వెళ్ళి నీ కుర్చీ ఎక్కడేశారో చూసుకో. చల్లగా ఉండు తల్లీ. ఆ ఫొటో... లోపల పెట్టెయ్.