ఇరవై ఏడు సిట్టింగుల ఆట

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరుగారికి, ఆయన పక్కనే కూర్చుని ఇందాకట్నుంచి దొంగచాటుగా గడియారం చూసుకుంటున్న అమ్మకాల విభాగం పెద్దాయనకి, బొమ్మలు గీసేవాళ్ళకి, కోడ్ రాసేవాళ్ళకి, ఇరవై రెండేళ్ళుగా నాతోపాటు కిటికీల్లేని గదిలో కళ్ళు పాడుచేసుకున్న నా టెస్టర్లకి, మూడో వరసలో చివరి కుర్చీ ఏరికోరి పట్టుకుని కూర్చున్న మా వదినకి, ఆవిడ వెంట వచ్చిన ఆసుపత్రి స్నేహితురాళ్ళకి నా నమస్కారాలు.

నా ముందు మాట్లాడినవాళ్ళంతా నన్ను ఓర్పుకు మారుపేరు అన్నారు. చాలా సంతోషం. నేను విసిరికొట్టిన గేము కంట్రోలర్లకి నోరుంటే వేరే సంగతి చెప్పేవి. (నవ్వులు) నవ్వకండి, స్టోరు గుమాస్తా ఇక్కడే ఉన్నాడు, ఎన్ని పోయాయో ఆయనకి బాగా తెలుసు.

ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మలకోసం ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ఈ కంపెనీ వీడియో గేములు తయారుచేస్తుంది. గేము బయటికి వెళ్ళేముందు ఎవరో ఒకరు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆడాలి, ఎక్కడైనా తలుపు తెరుచుకోకపోయినా, గుర్రం గోడలోకి దూరిపోయినా పట్టుకోవాలి. ఆ పని మాది. అన్నీ సరిచేశాక ఆఖరుసారి ఆడి సంతకం పెట్టేది నేను. అందుకే నన్ను ఈ బిల్డింగులో ఆఖరమ్మ అంటారు. ఎదురుగా అనరు, నేను మలుపు తిరిగాక అంటారు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. (నవ్వులు)

సంతకం పెట్టే కాగితాన్ని ముగింపు పత్రం అంటాం. ఒకటే పేజీ. పైన గేము పేరు, కింద ఒక వాక్యం: "ఈ ఆటను మొదటి నుంచి చివరిదాకా నేను ఆడాను." దాని కింద "ఎంత సమయం" అని ఒక గడి, తర్వాత రిమార్కులు, సంతకం, తేదీ. ఆ కాగితం లేకుండా ఈ కంపెనీ నుంచి ఒక్క గేము కూడా గడప దాటదు. కంపెనీ పెట్టిన పెద్దాయన పెట్టిన పద్ధతి అది, డైరెక్టర్లు మారినా ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. అలాంటి పత్రాలు ఎనిమిదింటి మీద నా సంతకం ఉంది. తొమ్మిదోది ఈ సంచిలో ఉంది, దానికి ఇంకా సంతకం పెట్టలేదు. సాయంత్రం అయిదున్నరకి నా ఉద్యోగం అయిపోతుంది, ఆ తర్వాత నా సంతకం చెల్లదు. ఇప్పుడు నాలుగుంబావు. అమ్మకాల పెద్దాయన గడియారం ఎందుకు చూసుకుంటున్నారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

గొడవ ఇదీ. మా తొమ్మిదో గేములో ఇద్దరు అన్నదమ్ములుంటారు. మాటల్లేవు ఇద్దరికీ. ఆడేవాళ్ళు అన్న వైపునుంచైనా, తమ్ముడి వైపునుంచైనా ఆడొచ్చు. తండ్రి వదిలేసిపోయిన పడవల షెడ్డు తెరిచి, సగంలో ఆగిపోయిన పడవని పూర్తిచేసి నీళ్ళలోకి దించాలి. అంతే కథ. మా టెస్టర్లు ఆడితే తొమ్మిది గంటలు పట్టింది. అమ్మకాల విభాగం ఇరవై అయిదు గంటలు కావాలంది. ఊరంతా వెతికి ఎనభై మేకులు ఏరుకురావడం, ఊళ్ళోవాళ్ళ పడవలు ఇంకో మూడు బాగుచేయడం, ఇలా చిలవలు పలవలు చేర్చి అదే గేముకి ఇంకో పొడుగాటి రూపం కూడా తయారైంది. రెండూ డిస్కుల్లో సిద్ధంగా ఉన్నాయి. సోమవారం ఒకటి బయటికి వెళ్తుంది. ఏది వెళ్ళాలో డైరెక్టరుగారు ఇంకా తేల్చలేదు. ఆయన భయం నాతో దాచుకోలేదు. "అమ్మా, అంత డబ్బు పెట్టి కొన్నవాడు తొమ్మిది గంటల్లో అయిపోతే, ఇంతేనా అంటాడు. ఆ మాట అనిపించుకుంటే మనం మళ్ళీ లేవలేం" అన్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మన కంపెనీ రెండో గేము అలాగే దెబ్బతింది, ఆ ఏడాది ఉద్యోగాలు పోయి ఈ హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి.

మరి పెద్దవాళ్ళు ఆడే గేము ఎంతసేపుండాలి? ఉద్యోగం, సంసారం, నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఆడేది. ఇరవై రెండేళ్ళు గంటలు లెక్కపెట్టిన మనిషిని కదా, నాకు తెలుసనుకున్నాను. నాకేమీ తెలీదని మా వదిన తేల్చింది.

మా వదిన ఆసుపత్రిలో వార్డు నర్సు. మా కంపెనీ గేము ఏది వచ్చినా మొదటిరోజే కొనేది. నేను ఊరికే తెచ్చిస్తానన్నా ఒప్పుకునేది కాదు, "నీ కష్టం నేను కొనుక్కోకపోతే ఇంకెవరు కొంటారు" అనేది. ఓ నెల పోయాక ఎలా ఉందని అడిగితే "అద్భుతం అమ్మాయ్" అనేది. ఎనిమిది గేములకీ అదే మాట. నేనూ పొంగిపోయేదాన్ని.

మొన్న వేసవిలో ఒకరోజు వంటింట్లో నిలబడి మాట్లాడుకుంటున్నాం. మాటల్లో మా అయిదో గేము వచ్చింది. తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళే కూతురి కథ. వదిన గిన్నె తుడుస్తూ, "చివర్లో ఆ తండ్రి తిరిగొచ్చి పిల్లని దగ్గరికి తీసుకున్నాడు చూడు, కళ్ళనీళ్ళు ఆగలేదనుకో" అంది.

ఆ గేములో తండ్రి తిరిగి రాడు. (నవ్వులు) మీరు నవ్వుతారు, మీకు తెలుసు కాబట్టి. ఆ తండ్రి రావాలా వద్దా అని ఈ హాల్లో రెండేళ్ళు కొట్టుకుచచ్చాం. ఇదిగో, ఈ కథ రాసే అమ్మాయి ఆ ముగింపు కోసం రాజీనామా రాసి నా టేబుల్ మీద పెట్టింది, నేను చింపేశాను. అలాంటి ముగింపు.

నేను వదిన మొహంకేసి చూశాను. ఆవిడ గిన్నె తుడవడం ఆపేసింది. "రాడా?" అంది. "రాడు వదినా" అన్నాను. చెయ్యి తుడుచుకుని నన్ను హాల్లోకి తీసుకెళ్ళి టీవీ పెట్టి చూపించింది. ఎనిమిది గేములూ వరసగా ఉన్నాయి. ఒకటి ముప్ఫై ఒకటి శాతం, ఒకటి నలభై నాలుగు, ఒకటి పద్దెనిమిది. ఒక్కటీ పూర్తికాలేదు. అన్నీ కలిపి ఎన్ని గంటలు ఆడిందో తెలుసా? మూడువందల పైచిలుకు. "నువ్వు బాధపడతావని చెప్పలేదమ్మాయ్. నాకే తెలివిలేదనుకున్నాను" అంది.

నాకు కోపమొచ్చింది, ఆవిడ మీద కాదు. ఆ అయిదో గేము డబ్బా మీద "పన్నెండు గంటల ఆట" అని అచ్చువేయించింది నేను కదా. ఆ పన్నెండు ఎలా వచ్చిందో ఈ టెస్టర్లందరికీ తెలుసు. మేం స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆడతాం. టీకి లేస్తే వాచ్ ఆపుతాం. ఫోనొస్తే ఆపుతాం. ఎవరైనా గదిలోకొచ్చి మాట్లాడితే ఆపుతాం. పైగా ప్రతి తలుపూ మాకు కంఠోపాఠం. పెద్దవాళ్ళ బతుకంతా ఆ ఫోన్లలోనూ, ఆ పిలుపుల్లోనూ ఉంటుంది, మేం సరిగ్గా దాన్నే వదిలేసి లెక్కకట్టాం. ఇరవై రెండేళ్ళు! ఇంత తెలివైన పొరపాటు మాకు తప్ప ఎవరికీ చేతకాదు.

ఇంకోటి కూడా ఒప్పుకుని పోతాను. నాలుగో గేములో అరవై లాంతర్లు వెలిగించాలి, గుర్తుందా? కథకీ వాటికీ ఏ సంబంధమూ లేదు, గంటలు పెంచడానికి పెట్టాం. ఆ రోజు నాకు నచ్చలేదు, అయినా సంతకం పెట్టాను. మా వదిన ముప్ఫై ఏడో లాంతరు దగ్గర ఆగిపోయింది.

సరే. పై అనుమతి తీసుకుని, తొమ్మిది గంటల పడవ గేముని వదిన ఇంటికి పట్టుకెళ్ళాను. నోట్‌బుక్కు తీసుకుని పక్కన కూర్చున్నాను. నోరు విప్పకూడదని ఒట్టు. నోరు మూసుకోవడమంటే నాకెంత కష్టమో మా అన్నయ్యని అడగండి, కాపురానికి వచ్చిన కొత్తలో వదిన పడ్డ పాట్లన్నీ ఆయనకి తెలుసు. (నవ్వులు)

డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, వంట మొదలుపెట్టేలోపు ఆవిడకి దొరికేది పాతిక నిమిషాలు. అది కూడా వారానికి మూడు నాలుగుసార్లు. పాత గేముల్లో ఏం జరిగేదో అప్పుడు నాకర్థమైంది. అయిదు రోజుల తర్వాత కూర్చుంటే ఏ బటన్ ఏమిటో గుర్తుండదు, ఎవర్ని కలవడానికి బయల్దేరామో గుర్తుండదు. అవన్నీ గుర్తుచేసుకునేసరికి పదిహేను నిమిషాలు అయిపోతాయి. మిగిలిన పది నిమిషాలు నడుచుకుంటూ ఎక్కడికో వెళ్ళేసరికి లేచే టైమవుతుంది. మనం ఇరవై గంటలు అదనంగా ఇస్తున్నామనుకుంటాం. వాళ్ళకి వెళ్ళేది ఇరవై గంటల మతిమరుపు.

పడవ గేములో అలా కాలేదు. పాతిక నిమిషాల్లో ఒక పలక బిగుస్తుంది, లేదా అన్నదమ్ములు ఒక మాట అనుకుంటారు. ఏదో ఒకటి పూర్తవుతుంది. ఆవిడ లేచి స్టవ్ దగ్గర నిలబడి, "ఆ తమ్ముడిది తప్పులేదమ్మాయ్, అన్నే మొండి" అని నాతో దెబ్బలాడేది. వార్డులో కూడా ఇదే మాట్లాడిందట, వెనక కూర్చున్న అమ్మలు తలలూపుతున్నారు చూడండి.

ఇరవై ఏడు సిట్టింగులు పట్టింది. ఏడు వారాలు. గంటల్లో చెప్పాలంటే పదకొండుంబావు. నా మటుకు పెద్దవాళ్ళ గేముకి అదే కొలత. కూర్చున్న ప్రతిసారీ చేతికి ఏదో ఒకటి దక్కాలి, మొదలుపెట్టినప్పటి మనసు మారిపోకముందే ముగింపు కనపడాలి. రెండు నెలలు దాటితే మనిషి జీవితంలో ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. గేములకి సౌండ్ చేసే బాబూ, నువ్వు మొహం ముడుచుకోకు, నువ్వు ఆడే వంద గంటల గేములు నిన్నెవరూ లాక్కోరు. మంచంపట్టి కోలుకుంటున్నవాళ్ళకి, నాలాగా రేపట్నుంచి ఖాళీ అయ్యేవాళ్ళకి అవీ కావాలి. వంద గంటల కథ ఉంటే వంద గంటలూ పెట్టండి. తొమ్మిది గంటల కథకి ఎనభై మేకులు మాత్రం కొట్టకండి.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పడవ నీళ్ళలోకి దిగింది. వదిన కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత నావైపు తిరిగి, "ఇదా అమ్మాయ్, నువ్వు ఇన్నేళ్ళూ చేసిన పని! ఇప్పటికి చూశాను" అంది. కంట్రోలర్ పక్కన పెట్టి, "ఈసారి నీకు అబద్ధం చెప్పక్కర్లేదు" అంది. ఇరవై రెండేళ్ళలో నాకు చాలా జ్ఞాపికలు ఇచ్చారు. డైరెక్టరుగారు క్షమించాలి, ఆ మాట ముందు అవేవీ నిలవ్వు. (చప్పట్లు)

ఇదిగో తొమ్మిదో పత్రం. ఇరవై అయిదు గంటల గేముకి నేను సంతకం పెట్టను. తొమ్మిది గంటల దానికి ఇప్పుడే, మీ అందరి ముందూ పెడతాను. నిర్ణయం డైరెక్టరుగారిదే...

(అధ్యక్షులు పక్క మైకు అందుకుని, "ఒక్క నిమిషం. వదినగారిని నేనొక మాట అడగొచ్చా? అమ్మా, నిజం చెప్పండి. ఆట అయిపోయినప్పుడు, ఇంతేనా అనిపించిందా?" అని అడిగారు. వదినగారు కుర్చీలోంచి లేచి, "అనిపించింది బాబూ. పైకే అన్నాను, అయ్యో ఇంతేనా అని. మా ఆడపడుచుని అడగండి" అన్నారు.)

అంది. నేను విన్నాను. అన్నీ రాసుకున్న నోట్‌బుక్కులో ఆ ఒక్క మాటా రాసుకోలేదు. మీకు తెలిస్తే మేకులు కొడతారని భయపడ్డాను డైరెక్టరుగారూ. ఎనిమిది పత్రాల్లో చెయ్యని పని తొమ్మిదోదాంట్లో చేశాను. తప్పే.

(అధ్యక్షులు, "మరి ఆ తర్వాత?" అన్నారు. వదినగారు, "తర్వాతేముంది బాబూ, మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను. మొదటిసారి అన్న వైపునుంచి ఆడాను కదా, ఇప్పుడు తమ్ముడి వైపునుంచి. దీనికి చెప్పలేదు, చెబితే మళ్ళీ పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంటుంది" అన్నారు. నవ్వులు, చప్పట్లు చాలాసేపు.)

ఒక్క క్షణం ఆగండి.

నాకు తెలీదు. ఈ సంగతి నాకిప్పుడే తెలిసింది.

నాతో పనిచేసినవాళ్ళందరికీ, నా నోటిని భరించినవాళ్ళందరికీ కృతజ్ఞతలు. ఒక పెన్ను ఇప్పించండి. ఎంత సమయం: ఇరవై ఏడు సిట్టింగులు. రిమార్కులు: "అయిపోగానే ఇంతేనా అంది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది." సంతకం. తేదీ. డైరెక్టరుగారూ, ఇక మీ చేతికిస్తున్నాను. మరి నాకు సెలవు.